రెండో పాస్‌పోర్టు మాట తర్వాత, ముందు మా పేర్లు సరిగా రాయండి
ఒడిశా సరిహద్దు జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో జనన మరణాల నమోదు, వివాహ నమోదు, భూమి రికార్డులు, పాస్‌పోర్టు పత్రాల పరిశీలన చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

నేను బరంపురంలో 31 ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. ఈ లేఖలో ఉన్న విషయం మీద గత రెండేళ్ళలో మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదాన్ని సంబంధిత విభాగానికి పంపామన్నారు. మూడోది పట్టుకొని వెళ్ళినప్పుడు బల్ల దగ్గరున్న ఉద్యోగి, "విదేశాల పౌరసత్వం గొడవ మాకెందుకమ్మా, ఢిల్లీని అడగండి" అన్నారు. అది ఏ కార్యాలయమో ఇక్కడ రాయడం లేదు. ఒక ఉద్యోగిని దోషిగా నిలబెట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. నేను అడిగినవి ఢిల్లీ దాకా పోనక్కరలేని పనులు. జిల్లాలో, మీ చేతి సంతకంతో అయ్యేవి. అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి అందరూ చదివేలా అడుగుతున్నాను.

విషయం ఇది. మా ప్రాంతపు తెలుగు ఇళ్ళలో ఇప్పుడు రెండో పాస్‌పోర్టు గురించి మాట్లాడుకుంటున్నారు. తాతముత్తాతల పుట్టుకను చూపించి ఇంకో దేశపు పాస్‌పోర్టు సంపాదించవచ్చని కొందరు, విదేశీ పౌరుణ్ణి పెళ్ళాడితే మూడు నాలుగేళ్ళలో చేతికొస్తుందని కొందరు చెబుతున్నారు. తీసుకోవాలా వద్దా అన్నది ఏ కుటుంబానికి ఆ కుటుంబం తేల్చుకోవలసిన సంగతి. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలని నేను కోరడం లేదు. కాని తేల్చుకోవాలంటే రెండు ఉండాలి: సరైన కాగితాలు, నిజమైన సమాచారం. ఆ రెండూ ఇవ్వవలసింది మీరు. మీ నుంచి అందకపోవడం వల్లే జనం ఏజెంట్ల గుమ్మం ఎక్కుతున్నారు.

సరిహద్దు మనుషులం కాబట్టి మాకు ఒక అలవాటు ఉంది. ఇచ్ఛాపురం మాకు ముప్పై కిలోమీటర్ల లోపే. చెల్లెలు అక్కడ, అన్న ఇక్కడ. పొలం ఒక రాష్ట్రంలో, ఇల్లు ఇంకో రాష్ట్రంలో. కొరాపుట్ జిల్లా కొటియాలో 21 గ్రామాల మీద రెండు రాష్ట్రాల వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ఊళ్ళ మనుషుల దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నాయి. అటువైపు ఒకటి, ఇటువైపు ఒకటి పెట్టుకుంటేనే బతుకు గడుస్తుందని ఇక్కడి మనిషికి అనుభవం నేర్పింది. అదే ఆలోచనతో పాస్‌పోర్టు కూడా రెండు ఉంచుకోవచ్చని నమ్ముతున్నారు. అది కుదరదని అధికారికంగా, తెలుగులోనో ఒడియాలోనో, చెప్పినవారు నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఈ మౌనం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా రాస్తాను. కొన్ని మా ఇంట్లో జరిగినవే.

1. తాత పుట్టిన ఊరు చూపించి డబ్బు గుంజుతున్నారు.

మాది రంగం వెళ్ళి వచ్చిన కుటుంబం. రంగూన్‌ను మా పెద్దవాళ్ళు రంగం అనేవారు. మా తాతగారు గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి వెళ్ళారు. మా నాన్నగారు 1931లో రంగూన్‌లో పుట్టారు. అప్పటికి బర్మా ఇంకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. 1937 ఏప్రిల్ 1న విడిపోయింది. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1936 ఏప్రిల్ 1న, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా బరంపురం కొత్తగా ఏర్పడిన ఒడిశాలోకి వచ్చింది. అంటే నాన్నగారికి ఆరేళ్ళు నిండేలోపు ఆయన పుట్టిన ఊరూ, ఆయన తండ్రి ఊరూ రెండూ వేరే పాలనల్లోకి మారిపోయాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తర్వాత కుటుంబం నడిచి, పడవలెక్కి, మళ్ళీ నడిచి ఇండియా చేరింది. దారిలో నాన్నగారి తమ్ముడు చనిపోయాడు. పెట్టెలో మిగిలింది ఒకే ఒక్క కాగితం, రంగూన్ బడి ఇచ్చిన మార్కుల పత్రం.

ఆ కాగితాన్ని ఒక ఏజెంటు చూశాడు. మా తమ్ముడి కొడుకుతో, "మీ తాత బ్రిటిష్ పాలనలో పుట్టాడు, కాబట్టి బ్రిటిష్ వాడే, మనవడిగా నీకు లండన్ పాస్‌పోర్టు హక్కుగా వస్తుంది" అన్నాడు. మేనల్లుడు నా దగ్గరికి వచ్చి, "అత్తా, తాతయ్య మనకు ఆస్తి ఇచ్చి వెళ్ళాడు, మనకే తెలియలేదు" అన్నాడు. ఆ పిల్లవాడి ముఖంలో అంత వెలుగు నేను చాలా కాలానికి చూశాను. వద్దని చెప్పడానికి అప్పుడు నా దగ్గర ఆధారం లేదు. దఫదఫాలుగా 1,40,000 రూపాయలు కట్టాడు.

ఆధారాలు తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. బ్రిటన్‌లో 'యాన్సెస్ట్రీ వీసా' అనేది ఉంది. కామన్‌వెల్త్ దేశ పౌరుడికి తాత గాని, అవ్వ గాని బ్రిటన్ గడ్డ మీద పుట్టి ఉంటే దానికి అర్హత. వలస దేశంలో పుట్టడం లెక్కలోకి రాదు. మన రాజ్యాంగం 5వ అధికరణం ప్రకారం, తండ్రి ఇక్కడ పుట్టి, తాను ఇక్కడే స్థిరపడి ఉన్న మా నాన్నగారు భారత పౌరుడయ్యారు. ఆయన పుట్టుక నుంచి మనవడికి లండన్ పాస్‌పోర్టు రాదు. ఇది అర పేజీ సమాచారం. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా గోడకు అంటించి ఉంటే ఆ డబ్బు మా తమ్ముడి ఇంట్లోనే ఉండేది.

పోయింది డబ్బు మాత్రమే కాదు. ఏజెంటు పెట్టించిన దరఖాస్తు తిరస్కరించారు. ఇక ఆ అబ్బాయి ఏ దేశపు వీసాకు వెళ్ళినా, "మునుపు మీకు వీసా నిరాకరించారా" అన్న గడి దగ్గర అవునని రాయాలి. చదువుకోవడానికి నిజంగా వెళ్ళగల పిల్లవాడు ఇప్పుడు ఆ ఒక్క గడిని చూసి భయపడుతున్నాడు.

పూర్వీకుల హక్కు అసలు ఎక్కడా లేదని నేను అనడం లేదు. 1961 డిసెంబరుకు ముందు పోర్చుగీసు పాలనలోని గోవా, డామన్, డయ్యూలో పుట్టినవారి పిల్లలకు, మనవలకు పోర్చుగల్‌లో దారి ఉంది. ఐర్లండ్‌లో తాతో అవ్వో పుట్టినవారికి అక్కడి విదేశీ జననాల రిజిస్టరులో పేరు నమోదు చేయించుకునే వీలుంది. మన తెలుగువాళ్ళ మధ్యనే, ఒకప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం ఉంది. భారత్, ఫ్రాన్స్ మధ్య 1956 మే 28న కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. యానాంలో పుట్టి అక్కడే ఉంటున్నవారు ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోవాలంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలన్నారు. ఆ సంతకం చేసినవారి సంతతి కథ వేరు, చేయనివారి సంతతి కథ వేరు. యానాంలో చుట్టరికం ఉన్న కుటుంబాలు మా వైపు కూడా ఉన్నాయి. తాత సంతకం చేశాడో లేదో తెలియకుండానే ఫైలు తెరిచి డబ్బు తీసుకునేవాళ్ళు వాళ్ళ ఇళ్ళకూ వస్తున్నారు.

2. పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంది.

మీ చేతిలో ఉన్నది, మీరు తలచుకుంటే వెంటనే సరిదిద్దగలిగినది ఇదే. అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను.

ఒడియా రాతలో మా 'వ' సాధారణంగా 'బ' అవుతుంది. వసంత బసంత అవుతుంది. వాణి బాణి అవుతుంది. వెంకట అన్నది బెంకట అవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒడియా నాకు అన్నం పెట్టిన భాష, నేను ప్రేమించే భాష. ఏ భాష అక్షరం దానిది. కాని జనన రిజిస్టరులో ఒడియాలో రాసిన పేరును మళ్ళీ ఇంగ్లీషులోకి ఎక్కించినప్పుడు ఆ 'బ' అలాగే ఉండిపోతుంది. బడిలో తెలుగు మాస్టారు 'వ' అని రాస్తారు. ఆధార్‌లో మూడో రకంగా పడుతుంది. దీనికి తోడు మాకు ఇంటిపేరు ముందు వస్తుంది. దరఖాస్తు నింపే మనిషి ఇంటిపేరును అసలు పేరనుకుంటాడు, అసలు పేరును ఇంటిపేరనుకుంటాడు. ఒక్కోచోట ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది, ఒక్కోచోట పూర్తిగా మాయమవుతుంది. నా తరగతిలో చదివిన పిల్లల్లో అన్ని పత్రాల్లోనూ ఒకే పేరు ఉన్నవాళ్ళు తక్కువ.

ఊళ్ళో ఉన్నంతకాలం దీంతో పెద్దగా ఇబ్బంది లేదు. దేశం దాటేటప్పుడే గొంతుకు అడ్డం పడుతుంది. మా అమ్మాయి అమెరికాలో ఉంది. అక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగు అబ్బాయిని పెళ్ళాడింది. తన జనన ధ్రువపత్రంలో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు, పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరుతో పాస్‌పోర్టులో మూడో పేరు. జనన ధ్రువపత్రంలో నా పేరులో కూడా ఒక అక్షరం మారింది. రేపు తను నన్ను అక్కడికి పిలిపించుకోవాలన్నా, తనకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే) కార్డు కావాలన్నా, తను నా కూతురేనని కాగితం చెప్పాలి. ఆ అక్షరం సరిచేయమని అడగడానికే నా మొదటి అర్జీ. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 15వ సెక్షన్ నమోదులో తప్పుల్ని సరిదిద్దే అధికారం రిజిస్ట్రారుకు ఇచ్చింది. ఆ సెక్షన్ సంఖ్యను నా అర్జీలోనే రాశాను.

పాత రిజిస్టర్ల సంగతి ఇంకొకటి. మా అత్తగారి పుట్టుక నమోదు తెలుగు అక్షరాల్లో ఉంది. నకలు అడిగితే, ఆ పుట చదవగలిగినవారు కార్యాలయంలో ఎవరూ లేరన్నారు. నేనే అక్కడ నిలబడి చదివి వినిపించాను. బయటి మనిషి చదివింది నమోదు చేయలేమన్నారు. నియమం వరకు వారి మాట సరైనదే కావచ్చు. మరి చదివే ఉద్యోగి ఎక్కడ? ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జిల్లాలో తెలుగు పుటలు ఉండడం వింత కాదు కదా. ఆ పుటలు ఏటేటా పొడి అవుతున్నాయి.

ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నానంటే, 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే. పాస్‌పోర్టుకైనా అంతే. మా తరానికి ఒక కాగితం తప్పైతే ఇంకో కాగితం చూపించుకునే వీలుండేది. ఈ పసివాళ్ళకు ఆ వీలు లేదు. ఈరోజు ఆసుపత్రి నుంచి వచ్చిన వివరాన్ని ఆదరాబాదరాగా ఎక్కిస్తే, ఆ బిడ్డ పద్దెనిమిదేళ్ళ తర్వాత మీ స్థానంలో ఉన్న ఇంకొకరి ముందు నిలబడుతుంది.

3. రెండోది తీసుకుంటే మొదటిది పోతుందని జనానికి తెలియదు.

భారత చట్టంలో రెండో పాస్‌పోర్టు అన్న మాటే లేదు. పౌరసత్వ చట్టం, 1955లోని 9వ సెక్షన్ ప్రకారం, తన ఇష్టంతో మరో దేశ పౌరసత్వం పొందిన మనిషికి భారత పౌరసత్వం దానంతట అదే ముగుస్తుంది. ఎవరూ రద్దు చేయనక్కరలేదు. పాత పాస్‌పోర్టును అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అప్పగించకుండా దాచుకొని దానిమీద ప్రయాణం చేయడం నేరం.

ఓసీఐ కార్డు పేరులో 'సిటిజన్' అని ఉండడంతో అదే పౌరసత్వమని చాలామంది అనుకుంటున్నారు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ఆ పథకం మొదలైంది. అది జీవితాంతం ఉండే వీసా. ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండవచ్చు, పోలీసుల దగ్గర నమోదు అక్కరలేదు. కాని ఓటు లేదు. ఎన్నికల్లో నిలబడే హక్కు లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం అన్న రాజ్యాంగ హక్కు వర్తించదు. రాష్ట్రపతి పదవికీ అర్హత లేదు. బరంపురంలో తెలుగు ఇంట పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, 1916లో తిరిగి వచ్చిన వి.వి.గిరి గారు 1969లో ఈ దేశ రాష్ట్రపతి అయ్యారు. మా ఊరి పిల్లలకు నేను ఆయన గురించి చెప్పిన ప్రతిసారీ, ఆయన తిరిగి రావడం గురించి కూడా చెప్పేదాన్ని.

2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది, 2024లో 2,06,378 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. వాళ్ళందరూ తెలిసే వదులుకున్నారా? మా వీధిలో ఇద్దరు మాత్రం తెలియక వదులుకున్నారు. ఓటరు జాబితాలో పేరు ఎందుకు పోయిందని వాళ్ళు నన్ను అడిగారు.

విదేశంలో ఉన్నా భారత పౌరుడిగానే మిగిలినవారికి 2010లో చేసిన సవరణతో ఓటు హక్కు వచ్చింది; స్వయంగా వచ్చి వేయాలి. వెళ్ళడం వేరు, వదులుకోవడం వేరు. ఈ తేడా మా జనానికి చెప్పేవారు లేరు.

4. పెళ్ళిని పాస్‌పోర్టు మార్గంగా చూపిస్తున్నారు.

ఇది రాయడానికి నాకు బాధగా ఉంది. పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాళ్ళు కట్నం మాటల్లో ఇప్పుడు "అబ్బాయికి సిటిజన్‌షిప్ ఉంది" అన్నదాన్ని పొలం, బంగారంతో పాటు లెక్కకడుతున్నారు. ఆడపిల్ల తల్లిదండ్రులు అది వినగానే మిగతా ప్రశ్నలు మానేస్తున్నారు.

వాళ్ళు అడగవలసినవి ఉన్నాయి. అమెరికా పౌరుణ్ణి పెళ్ళాడిన మనిషికి గ్రీన్ కార్డు వచ్చే రోజుకు పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే, ఆ కార్డు రెండేళ్ళ షరతు మీద ఇస్తారు. షరతు తీసేయడానికి మామూలుగా భార్యాభర్తలిద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. హింస జరిగితే, విడాకులైతే ఒంటరిగా దరఖాస్తు చేసుకునే వీలు అక్కడి చట్టంలో ఉంది. ఆ సంగతి తెలియని అమ్మాయి భర్త సంతకం కోసం అన్నీ భరిస్తుంది. గ్రీన్ కార్డుతో, భర్తతో కలిసి మూడేళ్ళు ఉన్నాకే పౌరసత్వానికి అడగవచ్చు. ఫ్రాన్స్‌లో పెళ్ళయిన నాలుగేళ్ళకు, ఫ్రెంచి భాష వచ్చి ఉంటేనే. ఎక్కడా తాళితో పాటు పాస్‌పోర్టు చేతికి రాదు.

నా శిష్యురాలొకతె పెళ్ళయిన పదినెలలకు ఒంటరిగా తిరిగి వచ్చింది. ఆమె కాగితాలన్నీ అక్కడే ఉండిపోయాయి. పెళ్ళి ఇక్కడ నమోదు కాలేదు, ఎందుకంటే "అక్కడ చేయిస్తాం" అన్నారు. జాతీయ మహిళా కమిషన్‌లో ఇలాంటి భార్యల కోసం 2009 నుంచి ఒక ప్రత్యేక విభాగం ఉందని ఆమెకు నేను చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. ప్రవాస భారతీయుల పెళ్ళిళ్ళను తప్పనిసరిగా నమోదు చేయించాలంటూ 2019లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. చట్టం లేకపోయినా, జిల్లాలో పెళ్ళి నమోదు చేయించుకోండని నాలుగు ఊళ్ళలో చాటించడానికి మీకు అడ్డేమీ లేదు.

5. నిజంగా ఆలోచించి నిర్ణయం తీసుకునేవాళ్ళకు సాయం చేసేవారు లేరు.

మా అమ్మాయికి గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్ళు నిండాయి. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం ఫోనులో ఒకే ప్రశ్న: "అమ్మా, తీసుకోనా?"

మొదట్లో నేను వద్దన్నాను. నా మనసుకు అది పుట్టిల్లు వదులుకోవడంలా అనిపించింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే లెక్క వేసుకున్నాం. గ్రీన్ కార్డుతో తను ఆరు నెలలు దాటి ఇక్కడ ఉంటే తిరిగి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు వస్తాయి, ఏడాది దాటితే కార్డు నిలబడడమే కష్టం. నాకు 67 ఏళ్ళు. రేపు మంచాన పడితే తను వచ్చి రెండేళ్ళు నా దగ్గర ఉండాలంటే, అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉంటేనే సులువు. నన్ను అక్కడికి పిలిపించుకోవాలన్నా పౌరురాలైతేనే తల్లికి దరఖాస్తు చేయగలదు. గ్రీన్ కార్డుతో చేయలేదు. అంటే నా దగ్గర ఎక్కువ కాలం ఉండడానికే తను ఈ దేశ పౌరసత్వం వదులుకోవలసి వస్తుంది. ఈ మాట నాకు అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

రెండోవైపు ఓటు పోతుంది. మా మూడెకరాల పొలం సంగతి ఉంది. వ్యవసాయ భూమి ఓసీఐ వాళ్ళు కొనలేరు. అక్కడ నివసిస్తూ భారత పౌరులుగా ఉన్నవాళ్ళు కూడా కొనలేరు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. కాబట్టి నా తర్వాత పొలం తనకు రావడానికి చట్టం అడ్డు కాదు. కాని భూమి రికార్డులో పేరు మార్పిడి (మ్యుటేషన్) దగ్గర ఏ కాగితాలు అడుగుతారో, విదేశీ పాస్‌పోర్టు ఉన్న వారసురాలికి మ్యుటేషన్ చేస్తారో చేయరో జిల్లాలో ఖచ్చితంగా చెప్పిన ఉద్యోగి లేరు. ఒకరు అవుననీ, ఒకరు కాదనీ, ఒకరు "అప్పుడు చూద్దాం" అనీ అన్నారు. నా రెండో అర్జీ దీని మీదే.

ఇంకొక ముడి మనవడిది. విదేశంలో పుట్టిన బిడ్డ భారత పౌరుడు కావాలంటే ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయించాలి. బిడ్డకు మరో దేశ పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు ప్రకటించాలి. వాడు పుట్టినప్పుడు మాకు ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాళ్ళమో చెప్పలేను, కాని మాకు ఎంచుకునే అవకాశం ఉండేది.

చివరికి నేను తనతో, "నీ బతుకు అక్కడ వేళ్ళు దిగింది. తీసుకో" అన్నాను. పూర్వీకుల పేరు చెప్పి దారి వెతికేవాళ్ళకు, పాస్‌పోర్టు కోసమే పెళ్ళి చూసేవాళ్ళకు నేను వద్దనే చెబుతాను. ఇప్పటికే అక్కడ బతుకు కట్టుకున్నవాళ్ళకు మాత్రం చేతిలో లెక్క పెట్టుకొని ఆలోచించండి అంటాను. ఇది నా అభిప్రాయం. మీ పని అభిప్రాయం చెప్పడం కాదు, ఆ లెక్క వేసుకోవడానికి కావలసిన అంకెలు, కాగితాలు మా చేతికి ఇవ్వడం.

నేను కోరుతున్నవి:

1. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు రాతల తేడా వల్ల మారిన పేర్లను సరిదిద్దడానికి జిల్లాకొక చోట ఒకే దరఖాస్తు ఉండాలి. 30 రోజుల్లో తేల్చాలి. కుదరదంటే కారణం రాసి ఇవ్వాలి.

2. కొత్తగా పుట్టిన బిడ్డ ధ్రువపత్రం ముద్రించే ముందు, పేరు ఇంగ్లీషులో ఎలా పడుతుందో తల్లికో తండ్రికో చూపించి సంతకం తీసుకోవాలి. దీనికి అదనంగా రూపాయి ఖర్చు లేదు.

3. తెలుగు పుటలున్న పాత రిజిస్టర్లను వెంటనే స్కాన్ చేయించాలి. తెలుగు చదవగలిగిన ఉద్యోగిని నియమించాలి. అంతవరకు జీతం లేకుండా వారానికి రెండు రోజులు వచ్చి చదివి పెట్టడానికి నేను సిద్ధం. నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఇంకా ఉన్నారు.

4. ప్రతి బ్లాకు కార్యాలయంలో, పాస్‌పోర్టు పత్రాలు తీసుకునే ప్రతి చోటా ఒడియాలో, తెలుగులో ఒక బోర్డు పెట్టాలి: భారత పౌరుడికి రెండు పాస్‌పోర్టులు ఉండవు, మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు, బ్రిటిష్ పాలనలో తాత పుట్టినంత మాత్రాన బ్రిటిష్ పాస్‌పోర్టు రాదు.

5. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదు ఉండాలి. పౌరసత్వం, వీసా సలహాల పేరుతో డబ్బు తీసుకునేవాళ్ళు మేము ఆ లెక్కలోకి రాము అంటున్నారు. వాళ్ళు రాతపూర్వక ఒప్పందం, రసీదు ఇవ్వకుండా డబ్బు తీసుకుంటే, బాధితులు తెచ్చిన ఫిర్యాదును పోలీసులు తిప్పి పంపకుండా తీసుకోవాలని జిల్లా స్థాయిలో ఆదేశం ఇవ్వాలి.

6. విదేశంలో ఉన్న వరుడితో పెళ్ళి జరిగితే వధువు ఊరు వదలకముందే ఇక్కడ నమోదు చేయించుకోమని పంచాయతీల ద్వారా చాటించాలి. మహిళా కమిషన్ ప్రత్యేక విభాగం గురించి ఆ నమోదు రోజునే ఆమె చేతికి కాగితం ఇవ్వాలి.

7. ఓసీఐ కార్డు ఉన్న వారసుల పేరిట భూమి మార్చడానికి ఏయే పత్రాలు కావాలో తహసీలు కార్యాలయాల్లో రాసి పెట్టాలి.

మా అమ్మాయి దరఖాస్తు పూర్తిగా నింపి పెట్టుకుంది. జనన ధ్రువపత్రంలో ఆ ఒక్క అక్షరం మారితే పంపిస్తుంది. మూడు అర్జీల నకళ్ళు, తేదీలు, ఒక రసీదు సంఖ్య నా దగ్గర ఉన్నాయి. అడిగినరోజు తెచ్చి చూపిస్తాను. నెల రోజుల్లో జవాబు కోరుతున్నాను. ఒడియాలో రాసి పంపినా చదువుకోగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
బరంపురం, గంజాం జిల్లా